విరామచిహ్నం కూడ వ్యాఖ్యానమే: పదచ్ఛేద, వాక్యచ్ఛేదాలు – అర్థనిర్ణయం

విషయప్రవేశం

వ్యాఖ్యాన లక్షణాన్ని చెప్పిన పెద్దలు దానికి అయిదు అంగాలను నిరూపించారు. పదచ్ఛేదం, పదార్థకథనం, విగ్రహం, వాక్యయోజన, ఆక్షేపసమాధానం అనేవి ఆ అయిదు. వీనిలో పదచ్ఛేదానికి మొదటి స్థానం ఇవ్వడం యాదృచ్ఛికం కాదు. పదం ఎక్కడ ముగిసిందో తెలియనిదే దాని అర్థం తెలియదు. అర్థం తెలియనిదే విగ్రహం కుదరదు. విగ్రహం కుదరనిదే వాక్యయోజన సాధ్యం కాదు. నేటి అచ్చుపుస్తకాలలో ఈ మొదటి అంగం పాఠకుని చేతికి రాకముందే పూర్తి అయిపోతున్నది. పదాల మధ్య ఖాళీ, వాక్యం నడుమ కామా, పదం మధ్య అడ్డగీత, సంభాషణకు ఉద్ధరణ చిహ్నాలు, ప్రశ్నకు ప్రశ్నార్థకం, ఇవన్నీ సంపాదకుడు ముందే సమకూర్చి పెడుతున్నాడు. విద్యార్థి వీనిని మూలగ్రంథంలోని భాగాలుగానే భావిస్తున్నాడు. ఇవి మూలం కావనీ, ఒక్కొక్క చిహ్నమూ ఒక్కొక్క వ్యాఖ్యాన నిర్ణయమనీ శాస్త్రదృష్టితో నిరూపించడం ఈ వ్యాసానికి లక్ష్యం.

చిహ్నాధార భాష – ప్రత్యయాధార భాష

విరామచిహ్నం వల్ల అర్థం మారుతుందనే విషయం ఇంగ్లీషు చదివిన వారికి బడి పాఠాలలోనే తెలుస్తుంది. ఆ భాషలో నామపదాలకు విభక్తి ప్రత్యయాలు దాదాపు లోపించాయి. కర్తృకర్మలను ప్రధానంగా పదక్రమమే తెలుపుతుంది. అందువల్ల ఒక పేరు సంబోధనమో కర్మమో తేల్చడానికి అనేక సందర్భాలలో కామా తప్ప వేరొక ఆధారం ఉండదు.

ఇది వ్యాకరణ చమత్కారానికే పరిమితమైన విషయం కాదు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓక్‌హర్స్ట్ డైరీ అనే పాల సంస్థకూ దాని వాహనచోదకులకూ మధ్య అదనపు పనిగంటల వేతనం గురించి వివాదం వచ్చింది. ఆ వేతనం వర్తించని పనులను అక్కడి చట్టం ఒక పట్టికగా చెప్పింది. ఆ పట్టిక చివర, రవాణా కోసం మూటకట్టడం అనే మాట తరువాత కామా లేకుండా ‘లేక పంపిణీ’ అనే అర్థమిచ్చే మాట ఉన్నది. అది రవాణాకో పంపిణీకో మూటకట్టడం అనే ఒకే పని అవుతుందా, లేక మూటకట్టడం ఒకటీ పంపిణీ వేరొకటీ అవుతాయా అన్నదే ప్రశ్న. చోదకులు పంపిణీ చేసేవారే కాని మూటలు కట్టేవారు కారు. 2017లో అప్పీలు న్యాయస్థానం ఆ వాక్యం సందిగ్ధమని నిర్ణయించి, చోదకులకు అనుకూలమైన అర్థాన్నే గ్రహించింది. 2018లో ఆ వివాదం 50 లక్షల డాలర్ల పరిష్కారంతో ముగిసింది.

ఇదే విషయాన్ని తెలుగులో చెప్పి చూస్తే భేదం స్పష్టమవుతుంది. ‘పంపడానికి గాని పంచడానికి గాని మూటకట్టడం’ అన్నప్పుడు పని ఒక్కటే. ‘పంపడానికి మూటకట్టడం గాని పంచడం గాని’ అన్నప్పుడు పనులు రెండు. ఇక్కడ కామా ఉన్నా లేకున్నా అర్థం చెదరదు. ‘గాని’ అనే అవ్యయం ప్రతి వికల్పం తరువాతా నిలిచి, దేని సరిహద్దు ఎక్కడో తానే చెబుతున్నది. సంస్కృతంలో ‘చ’, ‘వా’ అనే నిపాతాల ప్రయోగమూ ఇటువంటిదే. సంబోధనను సంస్కృతంలో సంబోధన ప్రథమ, తెలుగులో దీర్ఘాదికం తెలుపుతాయి. దీనిని బట్టి మన భాషలకు విరామచిహ్నాలు లేకపోవడం లోపం కాదనీ, వాని పనిలో అధికభాగాన్ని ప్రత్యయాలూ నిపాతాలూ నిర్వహించాయనీ గ్రహించాలి.

అయితే ఇంతమాత్రాన సంస్కృతంలో సందేహానికి తావు లేదని కాదు. సందేహం వేరొక చోట పొంచి ఉన్నది. ఇంగ్లీషులో అది పదాల మధ్య సంబంధంలో కలుగుతుంది. సంస్కృతంలో అది పదాల సంధిలో కలుగుతుంది.

సంహిత, అవసానం

వర్ణాల అత్యంత సామీప్యానికి సంహిత అని పాణిని 1.4.109లో సంజ్ఞ చేశాడు. వెంటనే 1.4.110లో విరామానికి అవసానమనే సంజ్ఞ చేశాడు. ఈ రెండు సూత్రాలూ పక్కపక్కనే ఉండడం గమనింపదగినది. భాషణంలో కలయిక ఎంత సహజమో ఆగడమూ అంతే సహజం. వక్త ఎక్కడ ఆగితే అక్కడ సంధికార్యం ఆగుతుంది, అవసాన కార్యం ప్రవర్తిస్తుంది. అంటే పాణినీయంలో విరామం కాగితం మీది గుర్తు కాదు. అది ధ్వనిలోనే వినిపించే వ్యాకరణ నిమిత్తం.

లేఖనంలో ఈ విరామం అదృశ్యమైంది. తాళపత్రాల మీద లేఖకులు పదాల మధ్య ఖాళీ వదలక అవిచ్ఛిన్నంగా వ్రాసుకుంటూ పోయారు. శ్లోకార్ధానికి ఒక దండం, శ్లోకాంతానికి రెండు దండాలు తప్ప సాధారణంగా వేరే గుర్తులు లేవు. తంజావూరు సరస్వతీమహలు గ్రంథాలయంలోను, తిరుపతి ప్రాచ్యపరిశోధనాలయంలోను ఉన్న తాళపత్రాలను విప్పి చదివిన వారికి ఇది అనుభవసిద్ధం.

అటువంటి లేఖనంలో ‘సకలంగాయతి’ అని ఉన్నదనుకుందాం. ‘సకలం గాయతి’ అని విడదీస్తే ‘అంతా పాడుచున్నాడు’ అని అర్థం. ‘స కలం గాయతి’ అని విడదీస్తే ‘అతడు మధురంగా పాడుచున్నాడు’ అని అర్థం. తచ్ఛబ్దం మీది సువిభక్తికి హల్లు పరమైనప్పుడు 6.1.132 చేత లోపం వచ్చినందువల్ల రెండు చోట్లా వర్ణక్రమం ఒక్కటే అయింది. మొదటి వాక్యంలో కర్త ఊహ్యం, కర్మ ఉక్తం. రెండవ వాక్యంలో కర్త ఉక్తం, ‘కలం’ అనేది క్రియావిశేషణం. కారకవ్యవస్థ మొత్తం ఒక్క ఖాళీ మీద ఆధారపడి ఉన్నది.

పదపాఠం – యాస్కుని విమర్శ

ఈ సమస్యను మొదట గుర్తించి ఎదుర్కొన్నవారు వైదికులు. సంహితాపాఠానికి పదపాఠాన్ని కూర్చడం అంటే వేదానికి తొలి పదచ్ఛేద వ్యాఖ్యను రచించడమే. ఋగ్వేదానికి పదపాఠకర్త శాకల్యుడు. ఆయన ఆరు ఋక్కులకు పదపాఠం చేయలేదు. తక్కిన వేదమంతటికీ చేసిన పదవిభాగం తరతరాలుగా అధ్యయనంలో నిలిచింది. అయినా ఆ విభాగం పౌరుషేయమే. దానిని విమర్శించే అధికారం శాస్త్రజ్ఞునికి ఉన్నదని యాస్కుడు చూపాడు.

పదవ మండలంలోని 29వ సూక్తం మొదటి ఋక్కులో ‘వాయో’ అని వినిపించే భాగాన్ని శాకల్యుడు ‘వా’, ‘యః’ అని రెండు పదాలుగా విడదీశాడు. యాస్కుడు నిరుక్తం 6.28లో దీనిని అంగీకరించలేదు. అది ‘వాయః’ అనే ఏకపదమనీ, పక్షి పిల్ల అని అర్థమనీ చెప్పాడు. ఆయన చూపిన హేతువులు రెండు. యచ్ఛబ్దం ఉంటే దానితో అన్వయించే క్రియాపదానికి ఉదాత్తస్వరం నిలవాలి, సంహితలో అక్కడి క్రియకు ఉదాత్తం లేదు. ఇది మొదటి హేతువు. యచ్ఛబ్దం ఉంటే వాక్యార్థం పూర్తి కాక సాకాంక్షంగా మిగులుతుంది. ఇది రెండవ హేతువు. పాణిని కూడ 8.1.66లో యద్వృత్తం తరువాతి తిఙంతానికి నిఘాతాన్ని నిషేధించాడు. కనుక యాస్కుని మొదటి హేతువు వ్యాకరణసమ్మతం.

ప్రథమ మండలంలోని 105వ సూక్తం 18వ ఋక్కులో వేరొక స్థితి కనబడుతుంది. అక్కడ ‘మాసకృత్’ అనే భాగాన్ని శాకల్యుడు ‘మా’, ‘సకృత్’ అని విడదీశాడు. ‘నన్ను ఒకసారి’ అని దాని అర్థం. అప్పుడు అక్కడి వృకశబ్దానికి తోడేలు అనే ప్రసిద్ధార్థమే కుదురుతుంది. దారిన పోయేవానిని ఒకనాడు తోడేలు చూసిందని భావం. యాస్కుడు నిరుక్తం 5.21లో దీనిని ఏకపదంగా గ్రహించి, మాసాలను అర్ధమాసాలను చేసేవాడని అర్థం చెప్పాడు. అప్పుడు వృకశబ్దానికి చంద్రుడని అర్థం. ఒకే వర్ణపంక్తిలో ఒక విభాగంతో అడవిమృగం, వేరొక విభాగంతో ఆకాశంలోని చంద్రుడు కనబడుచున్నారు. ఇక్కడ స్వరం సహాయపడదు. ‘మా’ అనేది అనుదాత్తం, ‘సకృత్’ అంతోదాత్తం. సమాసమని గ్రహించినా అంతోదాత్తమే వస్తుంది. స్వరం సమానమైనప్పుడు నిర్ణయభారం అర్థం మీదనూ ప్రకరణం మీదనూ పడుతుంది.

ఈ రెండు ఉదాహరణల వల్ల ఒక క్రమం ఏర్పడుచున్నది. పదచ్ఛేదానికి మొదట శబ్దప్రమాణం చూడాలి. అది చాలనప్పుడు ఆకాంక్షను, ప్రకరణాన్ని చూడాలి. ఏది చూసినా హేతువు చెప్పాలి. యాస్కుడు హేతువు చెప్పి విభేదించాడు. నేటి ముద్రణలో హేతువు చెప్పకుండానే ఖాళీ వదలడం జరుగుచున్నది.

అవగ్రహం – ఒక్క అకారం

‘రామోగతః’ అని అవగ్రహం లేకుండా వ్రాసినప్పుడు ‘రామః గతః’ కావచ్చు, ‘రామః అగతః’ కావచ్చు. రెండవ దానిలో 6.1.109 చేత పూర్వరూపం వచ్చి అకారం కనుమరుగైంది. వెళ్ళినవాడు, వెళ్ళనివాడు అనే పరస్పర విరుద్ధార్థాలకు చెవిలో భేదం లేదు. అవగ్రహచిహ్నం వేస్తే నిషేధం, వేయకపోతే విధి. కాబట్టి చిహ్నం వేయడం ఎంత నిర్ణయమో వేయకపోవడమూ అంతే నిర్ణయం.

ఇటువంటి ఒక్క అకారం మీద వేదాంతంలో మహావాదమే నిలిచి ఉన్నది. ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో ఉద్దాలక ఆరుణి శ్వేతకేతువుకు చేసిన ఉపదేశవాక్యం తొమ్మిది పర్యాయాలు ఆవృత్తమైంది. అక్కడ ఆత్మశబ్దం తరువాత ‘తత్’ అని విడదీసి శంకరభగవత్పాదులు అభేదపరంగా వ్యాఖ్యానించారు. శ్రీమధ్వాచార్యులు సవర్ణదీర్ఘంలో ఒక అకారం లీనమైనదని గ్రహించి ‘అతత్’ అని విడదీసి భేదపరమైన అర్థాన్ని చెప్పారు. ఆకారాంతం తరువాత అకారం వస్తే 6.1.101 చేత దీర్ఘమే వస్తుంది. కనుక సంహితారూపం రెండు పక్షాలకూ అవిరుద్ధం. ఇరుపక్షాల వారూ ఉపక్రమోపసంహారాలను, దృష్టాంతాలను ఆధారం చేసుకొని తమ ఛేదాన్ని సమర్థించుకున్నారు. ఏ పక్షం గ్రాహ్యమన్నది ఇక్కడ ప్రస్తుతం కాదు. పదాల మధ్య ఖాళీతో ఉపనిషత్తును అచ్చువేసిన క్షణంలోనే ముద్రాపకుడు ఒక సిద్ధాంతం వైపు నిలిచినట్లు అవుతుందన్నదే ప్రస్తుతం. పుస్తకంలో ఆ సంగతి చెప్పకపోతే చదువరికి రెండవ పక్షం ఎక్కడి నుండి వచ్చిందో కూడ అర్థం కాదు.

ప్రశ్నార్థకానికి ప్రాచీన స్థానం

సంస్కృతంలో ప్రశ్నార్థక చిహ్నం లేదని అనేవారు పాణినీయంలోని ప్లుతప్రకరణాన్ని పరిశీలించాలి. దూరం నుండి పిలిచేటప్పుడు 8.2.84, వితర్కించేటప్పుడు 8.2.97, ప్రశ్నాంతంలో 8.2.100 ప్రవర్తిస్తాయి. స్వరాన్ని మూడు మాత్రల కాలం సాగదీయడంలోనే వక్త అభిప్రాయం తెలుస్తుంది. నాసదీయ సూక్తం అయిదవ ఋక్కులో ‘ఆసీత్’ అనే క్రియ రెండు మార్లు ప్లుతంతో ఉన్నది. క్రిందనా, పైననా అనే వితర్కాన్ని ఆ ప్లుతమే తెలుపుచున్నది. అందులోని రెండవ ప్రయోగం కోసం పాణిని 8.2.102లో ప్రత్యేక సూత్రమే చేశాడు. వేదగ్రంథాలలో ప్లుతస్వరం పక్కన 3 అనే అంకెను వేస్తారు. అది మాత్రాసంఖ్య. అయినా ఇక్కడ అది నెరవేర్చిన పని నేటి ప్రశ్నార్థక చిహ్నం పనియే.

లౌకిక సంస్కృతంలో ఈ పనిని పదస్థానం కూడ నిర్వహిస్తుంది. ‘అపి గురురాగతః’ అంటే ‘గురువు వచ్చాడా’ అని ప్రశ్న. ‘గురురప్యాగతః’ అంటే ‘గురువు కూడ వచ్చాడు’ అని కథనం. వాక్యాదిలో ఉన్న అపిశబ్దం ప్రశ్నద్యోతకం, పదం తరువాత ఉన్నది సముచ్చయద్యోతకం. ఈ స్థానభేదం ఎరుగని విద్యార్థికి ప్రశ్నార్థక చిహ్నం ఊతకర్ర వలె ఉపయోగిస్తుంది. అయితే చిహ్నం లేని పుటను తెరచిన నాడు అతడు ముందుకు నడవలేడు.

ఇతిశబ్దం – ఉద్ధరణకు ఒకే సరిహద్దు

ఉద్ధరణ చిహ్నాలు రెండు. ఒకటి ఆరంభాన్ని, రెండవది అంతాన్ని తెలుపుతాయి. సంస్కృతంలోని ఇతిశబ్దం అంతాన్ని మాత్రమే తెలుపుతుంది. ఆరంభాన్ని అన్వయం చేత ఊహించుకోవాలి. ‘రామః ప్రాతర్గ్రామం గచ్ఛేత్యవదత్’ అనే వాక్యంలో ‘ప్రాతః’ అనేది చెప్పిన కాలమో, వెళ్ళవలసిన కాలమో వాక్యం చెప్పదు. రాముడు ఉదయాన ‘గ్రామానికి వెళ్ళు’ అన్నాడా, లేక ‘ఉదయాన గ్రామానికి వెళ్ళు’ అన్నాడా? ఉద్ధరణ చిహ్నాన్ని ‘ప్రాతః’ ముందు పెట్టిన సంపాదకుడు ఒక అర్థాన్ని, తరువాత పెట్టినవాడు మరొక అర్థాన్ని స్థిరం చేసినట్లే.

శాస్త్రగ్రంథాలలో ఇది మరింత ప్రధానం. ‘నను’ అనేది ఆక్షేపారంభాన్ని, ‘ఇతి చేత్, న’ అనేది ఆక్షేప సమాప్తిని, సమాధానారంభాన్ని తెలుపుతాయి. ‘నను’ లేనిచోట పూర్వపక్షం ఎక్కడ మొదలైందో నిర్ణయించడం కష్టం. ఒక వాక్యాన్ని ఇటు చేర్చితే గ్రంథకర్త మతమవుతుంది, అటు చేర్చితే ఆయన ఖండించిన మతమవుతుంది. పరమతాన్ని స్వమతంగా ఉదాహరించే పొరపాట్లకు ఇదొక ముఖ్యకారణం.

వాక్యసీమ – మీమాంసక మార్గం

పద్యమంత్రానికి పాదవ్యవస్థ ఉన్నది. గానానికి గీతి ఉన్నది. ఈ రెండూ లేని యజుస్సు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? నేటి మాటలో చెప్పాలంటే పూర్ణవిరామం ఎక్కడ పెట్టాలి? జైమిని 2.1.46లో దీనికి సమాధానం చెప్పాడు. ఏ పదసముదాయం ఒకే ప్రయోజనాన్ని చెబుతుందో, విడదీస్తే ఏది సాకాంక్షమవుతుందో అది ఏకవాక్యం. రెండు నియమాలూ కలిసి ఉండాలి. తరువాతి సూత్రంలో పరస్పరాపేక్ష లేనివి భిన్నవాక్యాలని చెప్పాడు. ఆ పై సూత్రంలో ఒకచోట చెప్పిన పదం తక్కినచోట్ల అనుషక్తమయ్యే విధానాన్ని చెప్పాడు. ఈ మూడు సూత్రాలూ కలిపి చూస్తే వాక్యవిరామ శాస్త్రం సంగ్రహంగా లభిస్తుంది.

ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఆకాంక్షా యోగ్యతా సన్నిధులను వాక్యార్థజ్ఞాన హేతువులుగా చెప్పాడు. వీనిలో సన్నిధి అంటే పదాలను విలంబం లేకుండ ఉచ్చరించడం. గోవును తెమ్మనే వాక్యంలోని పదాలను జాముకొకటిగా పలికితే అది వాక్యం కాదని ఆయన ఉదాహరణ. ఆగకూడని చోట ఆగడం అర్థాన్ని మార్చడమే కాదు, కొన్ని చోట్ల అసలు అర్థబోధనే నిరోధిస్తుందని దీని వల్ల తెలియవచ్చును.

విరామాన్ని శాస్త్రోపాయంగా వాడుకొన్న సందర్భాలూ ఉన్నాయి. ‘సహ సుపా’ అనే 2.1.4 సూత్రంలో రెండే పదాలు. ‘సహ’ అనే చోట ఆగి దానిని వేరొక సూత్రంగా చేయడం యోగవిభాగం. సుబంతంతోనే సమాసమని ఏర్పడిన నియమం అప్పుడు సడలి, ఛందస్సులో కొన్ని తిఙంతాలతో కూడ సమాసం సిద్ధిస్తుందని సిద్ధాంతకౌముదిలో భట్టోజీదీక్షితులు చూపారు. ఒక్క వర్ణమూ చేర్చలేదు, ఒక్క వర్ణమూ తీయలేదు. ఆగిన చోటు మారింది, విధి మారింది. అయితే యోగవిభాగాన్ని ఇష్టసిద్ధికే పరిమితం చేసిన నియమాన్ని మరువరాదు. విరామం వక్త ఇచ్ఛకు వదలిన వస్తువు కాదు.

తెలుగున ఛేదవిచారం

తెలుగులో అచ్చు వచ్చిన తరువాత పదాల మధ్య ఖాళీ అలవాటైంది. అయినా ఎక్కడ కలపాలి, ఎక్కడ విడదీయాలి అన్నదానిలో ఏకరూపత ఏర్పడలేదు. ‘రోగి కన్ను మూశాడు’ అంటే రెప్ప వాల్చాడని అర్థం. ‘రోగి కన్నుమూశాడు’ అంటే మరణించాడని అర్థం. మొదటిదానిలో పదాలు రెండూ స్వార్థాన్నే చెప్పాయి. రెండవదానిలో అవి కలిసి నుడికారమైనాయి. ‘పాత పుస్తకాలగది’ అంటే గది పాతది. ‘పాతపుస్తకాల గది’ అంటే పుస్తకాలు పాతవి. ఖాళీని రెండు చోట్లా వదలితే ఏది పాతదో ప్రకరణమే చెప్పాలి.

కర్తను ఊహ్యంగా వదలే స్వభావం వల్ల తెలుగులో కామాకు ఒక విశిష్ట ప్రయోజనం ఏర్పడింది. ‘గురువుగారు వద్దన్నా వచ్చారు’ అనే వాక్యంలో వద్దన్నవారెవరు, వచ్చినవారెవరు? ‘గురువుగారు, వద్దన్నా వచ్చారు’ అంటే ఇతరులు వారించినా గురువుగారే వచ్చారు. ‘గురువుగారు వద్దన్నా, వచ్చారు’ అంటే గురువుగారు వారించినా ఇతరులు వచ్చారు. ఒకచోట గురువుగారి పట్టుదల, మరొకచోట శిష్యుల అవిధేయత. అట్లే ‘అతడు నేను వస్తానని చెప్పాడు’ అన్నప్పుడు వచ్చేది చెప్పినవాడా, వింటున్న విషయాన్ని తిరిగి చెప్పుచున్నవాడా అన్నది సందిగ్ధం. ‘అని’ కూడ ఇతిశబ్దం వలె అంతాన్నే తెలుపుతుంది. ‘అతడు తాను వస్తానని చెప్పాడు’ అంటే చిహ్నంతో పని లేకుండానే సందేహం తీరుతుంది. చిహ్నం వేయడానికి ముందు భాషలోనే ఉన్న సాధనాన్ని వెదకడం మంచిదని ఈ ఉదాహరణ సూచిస్తున్నది.

పద్యవిషయంలో మరొక జాగ్రత్త అవసరం. సంస్కృతంలో యతి అంటే విచ్ఛేదం, అక్కడ పదం ముగియాలి. తెలుగులో యతి అంటే వళి, అక్షరమైత్రి. శార్దూలవిక్రీడితంలో సంస్కృతకవి పన్నెండవ అక్షరం తరువాత ఆగుతాడు. తెలుగుకవి పదమూడవ అక్షరానికి మొదటి అక్షరంతో మైత్రి కూరుస్తాడు. స్థానం ఒక్కటే, ధర్మం వేరు. తెలుగు పద్యంలో పదం యతిస్థానాన్నీ పాదాంతాన్నీ దాటి సాగిపోవచ్చును. కనుక యతిస్థానంలో ఆగి చదివే సంస్కృతాభ్యాసాన్ని తెలుగు పద్యానికి వర్తింపజేస్తే పదం మధ్యకు విరిగి అన్వయం చెడుతుంది.

ద్వ్యర్థికావ్యాలలో సమస్య మరింత జటిలం. 16వ శతాబ్దికి చెందిన పింగళి సూరన రాఘవపాండవీయంలో రామకథను, భారతకథను ఒకే పద్యాలలో నిర్వహించాడు. రామరాజభూషణుడు హరిశ్చంద్రనలోపాఖ్యానంలో హరిశ్చంద్ర, నలచరిత్రలను అట్లే కూర్చాడు. అభంగశ్లేషలో పదం ఒక్కటే, అర్థాలు రెండు. సభంగశ్లేషలో పదవిభాగమే రెండు విధాలు. సభంగశ్లేష ఉన్న పద్యాన్ని ఖాళీలతో అచ్చువేస్తే ఒక కథకు అనుకూలమైన విభాగం కంటికి కనబడి, రెండవ కథ మరుగుపడుతుంది. కవి కలిపినదానిని ముద్రణ విడదీసినట్లవుతుంది. ఇటువంటి కావ్యాలను అవిచ్ఛిన్నంగా ముద్రించి, రెండు ఛేదాలనూ క్రింద ఇవ్వడమే న్యాయం.

యంత్రయుగంలో పదచ్ఛేదం

ఇటీవలి కాలంలో సంధివిభాగానికి కంప్యూటరు సాధనాలు వచ్చాయి. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రూపొందిన ‘సంసాధనీ’, ఫ్రాన్సులో జెరార్డ్ హ్యూయే రూపొందించిన సంస్కృత సాధనం ఇట్టివి. ఒక వర్ణపంక్తికి వ్యాకరణం అనుమతించే విభాగాలు అనేకం ఉంటాయని ఇవి కంటికి కట్టినట్లు చూపుతాయి. మానవుడు ఒక విభాగాన్ని చూడగానే తృప్తిపడి ఆగుతాడు. యంత్రం ఆగక తక్కినవానిని కూడ ముందు పెడుతుంది. ఈ అంశంలో ఇది విద్యార్థికి ఉపకారకమే. కాని సాధ్యమైన విభాగాలను చూపడం వేరు, వానిలో వక్తృతాత్పర్యానికి తగినదానిని ఏరడం వేరు. రెండవ పనికి ప్రకరణం, స్వరం, ఔచిత్యం, దేశకాలాలు మొదలైనవి హేతువులని భర్తృహరి వాక్యపదీయం రెండవ కాండలో నిరూపించాడు. వాక్యం అఖండమనీ పదవిభాగం కల్పితమైన అపోద్ధారమనీ చెప్పినవాడూ ఆయనే. విభాగం బోధన కోసం మనం చేసుకొన్న ఉపాయమన్న ఎరుక ఉన్నవాడు తన విభాగమే మూలమని పట్టుపట్టడు.

ఉపసంహారం

పైన చెప్పినదానిని బట్టి కొన్ని నియమాలు సిద్ధిస్తున్నాయి. ప్రాచీన గ్రంథాన్ని పరిష్కరించేవారు ఖాళీలు, అవగ్రహాలు, కామాలు, ఉద్ధరణ చిహ్నాలు మాతృకలో ఎంతవరకు ఉన్నాయో, తాము చేర్చినవి ఏవో పీఠికలో స్పష్టంగా చెప్పాలి. వ్యాఖ్యాతలు భిన్నంగా ఛేదించిన చోట సంహితారూపాన్నే మూలంలో నిలిపి, ఛేదభేదాలను అధోజ్ఞాపికలో ఇవ్వాలి. పూర్వపక్ష సిద్ధాంత సరిహద్దులను ప్రామాణిక వ్యాఖ్య ఆధారం లేకుండ చిహ్నాలతో మూయరాదు. సభంగశ్లేష ఉన్న పద్యాన్ని ఒకే అర్థానికి అనుగుణంగా విడదీయరాదు.

బోధన విషయంలో వేరొక నియమం అవసరం. ప్రాచ్యకళాశాలల తరగతులలో చిహ్నాలతో నిండిన అచ్చుపుటనే విద్యార్థికి ఇస్తూ ఉంటే అతనికి ఛేదసామర్థ్యం అలవడదు. వారానికి ఒక పుటనైనా తాళపత్రరీతిలో అవిచ్ఛిన్నంగా వ్రాసి ఇచ్చి, పదచ్ఛేదం చేయించి, ప్రతి ఛేదానికీ హేతువు చెప్పించాలి. హేతువు చెప్పలేని ఛేదం సరియైనదైనా దానిని యాదృచ్ఛికంగానే పరిగణించాలి. తాళపత్రాలలో ముద్రణకు నోచుకోని గ్రంథాలు ఇంకా ఎన్నో ఉన్నాయి. వానిని చదవవలసినవారు ఈ తరగతులలో నుండియే రావాలి. ఖాళీ లేని పంక్తిని చూచి వారు వెనుదిరిగితే ఆ గ్రంథాలు భద్రంగా ఉండికూడ లేనివే అవుతాయి.

విరామచిహ్నాలను నిరాకరించడం ఈ పరిశీలన ఫలితం కాదు. అవి చదువరికి ఉపకరిస్తాయి, శ్రమను తగ్గిస్తాయి. కాని వ్యాఖ్యాత తన పేరుతో చెప్పవలసిన నిర్ణయాన్ని అవి పేరు చెప్పకుండా చెబుతాయి. శాకల్యుని ఛేదం శాకల్యుని పేరుతోనే నిలిచింది, అందుకే యాస్కుడు దానితో వాదించగలిగాడు. కర్త తెలియని కామాతో ఎవరూ వాదించలేరు. కనుక చిహ్నాన్ని చేర్చినవాడు దానికి తానే కర్తనని ఒప్పుకోవడం పాఠపరిష్కరణ ధర్మాలలో మొదటిదిగా గ్రహింపదగును.